ఒకే స్కాన్, రెండు చిత్రాలు

గత మాసం మా మద్రసా విద్యార్థి ఒకడు మెట్ల మీద నుండి జారిపడ్డాడు. తలకు దెబ్బ తగలడంతో సీటీ స్కాన్ తీయించారు. మరునాడు ఆ బాలుని తండ్రి రెండు ఫిల్ములతో మా వద్దకు వచ్చారు. ఒకదానిలో మెదడు మడతలు కనిపిస్తున్నాయి. రెండవదానిలో పుర్రె ఎముక తప్ప లోపలంతా ఒకే బూడిద రంగు. "మౌలానా సాహెబ్, ఇది చెడిపోయినట్టుంది. మళ్లీ తీయించమంటారా?" అని ఆందోళనగా అడిగారు. మేము వైద్యులము కాము. కనుక ఆయనతో కలిసి స్కానింగ్ కేంద్రానికి వెళ్లి, అక్కడి వైద్యురాలిని అడిగాము. ఆమె చెప్పిన సంగతులు ప్రతి కుటుంబానికీ తెలియడం మంచిదని భావించి ఇక్కడ పొందుపరుస్తున్నాము.

సీటీ యంత్రం ముందుగా సేకరించేది కొలతలను. శరీరంలోని ప్రతి భాగం ఎక్స్-కిరణాలను ఎంత మేరకు అడ్డుకుంటున్నదో లెక్కగట్టి, దానికొక సంఖ్యను ఇస్తుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు 1000 లేదా అంతకు మించి. ఈ యంత్రాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఆ కొలమానాన్ని వ్యవహరిస్తారు. 1971లో లండన్‌లో తొలి రోగికి ఈ పరీక్ష జరిగింది. 1979లో ఆయనకు, అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఇన్ని వేల అంతరాలను మన కన్ను బూడిద ఛాయలుగా వేరు చేయజాలదు. అందుచేత కావలసిన పరిధిని మాత్రమే ఎంచుకొని నలుపు నుండి తెలుపు వరకు పరుస్తారు. దీనినే 'విండో' అంటారు. మెదడును చూడడానికి సుమారు 0 నుండి 80 వరకు ఉన్న సంఖ్యలు చాలు. ఎముకకు 2000 లేదా అంతకు మించిన వెడల్పు కావాలి. ఆ బాలునికి స్కాన్ జరిగింది ఒక్కసారే, చిత్రాలు రెండు.

పిల్లలకు ఎక్స్-కిరణాల మోతాదు తగ్గిస్తారు. మోతాదు నాలుగో వంతుకు తగ్గితే చిత్రంలోని ఇసుక చల్లినట్టుండే మరకలు రెట్టింపవుతాయి. కంప్యూటర్ వాటిని నునుపు చేయగలదు. అయితే నునుపు మితిమీరితే చిన్న గాయపు గుర్తు కూడా చెరిగిపోవచ్చు. అంచులకు పదును పెడితే మరకలూ పెరుగుతాయి. 2020లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు నిర్వహించిన ఎంఆర్ఐ పోటీలో, కృత్రిమ మేధ తయారుచేసిన కొన్ని చిత్రాలలో శరీరంలో లేని ఆకారాలు కూడా కనిపించాయి. చూడముచ్చటగా ఉన్నంత మాత్రాన చిత్రం నిజం చెబుతున్నదని అనుకోరాదు.

కనుక పాఠకులకు మా మనవి. ఫిల్మును ఫోనులో ఫొటో తీసి, వెలుతురు పెంచి మరో వైద్యునికి పంపకండి. ఆ ఫొటోలో అసలు సంఖ్యలు ఉండవు. కేంద్రం నుండి సీడీ అడిగి తీసుకోండి. వైద్యులు తమకు కావలసిన విండోలో చూసుకోగలరు. మళ్లీ స్కాన్ అన్నప్పుడు "పాతది సరిపోదా?" అని మర్యాదగా అడగండి. రోగి కదలడం వల్ల చిత్రం చెదిరినా, వ్యాధి స్థితి మారినా మళ్లీ తీయవలసి రావచ్చు. అప్పుడు వెనుకాడకండి.

ఆ తండ్రి చెడిపోయిందనుకున్న ఫిల్ములోనే బాలుని పుర్రె మీది సన్నని పగులు స్పష్టంగా కనిపించింది. మెదడుకు ఏమీ కాలేదని మొదటి ఫిల్ము చెప్పింది. వైద్యులు చెప్పినన్నాళ్లు విశ్రాంతి తీసుకొని, బాలుడు తిరిగి పాఠానికి వస్తున్నాడు.