అడవిలో చిగురును ఫోటో తీయడం ఎట్లా?

ఫాల్గుణం వచ్చేసరికి మన శేషాచలం అడవి ఎండిపోయినట్టు కనబడుతుంది. దగ్గరికి పోయి చూస్తే కొమ్మకొమ్మకూ చిగురే. వాన చినుకు లేకుండా చిగురెట్లా వస్తుంది? చెట్టు ఆకులు రాల్చి నీళ్ళు పొదుపు చేసుకుంటుంది. మానులో, లోతు వేర్లలో ఉన్న తేమతో కొత్త ఆకు వేస్తుంది. వానలు పడేనాటికి ఆకు సిద్ధంగా ఉంటుంది.

మా బయాలజీ సార్ ఫారెస్టు వాళ్ళ అనుమతి తీసుకొని మమ్మల్ని తలకోనకు పిల్చుకొని పోయినారు. సార్ సెల్‌ఫోనుతో నేను ఫోటోలు తీసినాను. తెలిసింది రాస్తున్నాను.

పొద్దున ఎనిమిది లోపలే తీయాల. ఎండ ముదిరితే ఆకు తెల్లగా మెరిసి రంగు పోతుంది, గాలి కూడా లేస్తుంది. ఫోనును ఆకుకు ఆనించకుండా జానెడు దూరంలో పట్టుకొని, తెర మీద ఆకు ఉన్నచోట వేలితో తాకితే బొమ్మ తేటగా వస్తుంది. సూర్యుడు ఆకు వెనకాల ఉండేట్టు నిలబడితే ఈనెలు లెక్కపెట్టొచ్చు. రావి, ఇప్ప చిగుళ్ళు అట్లా తీస్తే రాగి రేకులే! ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. పచ్చదనం ఇంకా పట్టని లేత ఆకును అది ఎండదెబ్బ నుంచి కాపాడుతుంది. (ఇది పుస్తకంలో చదివితే పరీక్ష దాకానే గుర్తుంటుంది.)

చిగురు ఒక్కటే తీస్తే చెట్టు పేరు చెప్పలేము. చెట్టంతా ఒకటి, బెరడు ఒకటి, చిగురు ఒకటి తీయాల. పక్కన చింతగింజ పెడితే సైజు తెలుస్తుంది. ఎర్రచందనాన్ని బెరడుతోనే పట్టుకోవచ్చు, మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది. ఆ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాన్ని దొంగతనంగా నరికేవాళ్ళు ఉన్నారు కాబట్టి, అనుమతి లేకుండా ఆ అడవిలోకి పోరాదు, చేతిలో కొడవలి అసలే ఉండరాదు.

రెండో శనివారం ఇంటికి పోయినప్పుడు ఆ ఫోటోల ప్రింట్లు మా అవ్వకు చూపించినాను. పుస్తకంలో లేని పేర్లు మూడు చెప్పింది. ఒకదాన్ని మాత్రం ఎంతసేపు చూసినా, "నలిపి వాసన చూస్తే గానీ చెప్పలేను నాయనా" అనింది. వాసన ఫోటోలో పడదు కదా! అందుకని చిగురు వాసన, జిగురు, అది పుట్టిన తావు నోటుబుక్కులో రాసుకోవాల. మా ఊర్లో ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఇప్పుడు నలుగురే, అందరూ ముసలివాళ్ళే.

కింద ఐదు ఫోటోలు అంటించినాను. ఒక్కోదాని పక్కన స్థలం వదిలినాను. ఉగాది సెలవులకు పోయేవాళ్ళు మీ పెద్దవాళ్ళను అడిగి, మీ ఇంట్లో పిలిచే పేరు అక్కడ పెన్సిలుతో రాయండి.