గుర్రపుసాలలో రోహిణి

దేవకీదేవి గర్భాన్ని యోగమాయ రోహిణి కడుపున చేర్చగా బలరాముడు పుట్టాడని పురాణాలలో విన్నాం. అటువంటి వింత గుర్రాలలో జరిగిందంటే నమ్ముతారా? జరిగింది మన దేశంలోనే! 2023 మే 19న, జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంవారి బికనీరు శాఖలో ఒక మార్వాడీ గుర్రప్పిల్ల పుట్టింది. బరువు 23 కిలోలు. పేరు రాజ్-ప్రథమ. మోసి కన్న గుర్రం వేరు, అసలు తల్లి వేరు.

గుర్రం చూలు మోసేది సుమారు 11 నెలలు. కనుక ఏడాదికి ఒక్క పిల్లకంటే ఆశించలేము. అందుచేత మేలుజాతి గుర్రం కడుపున పడిన పిండాన్ని ఏడెనిమిది రోజులకే బయటికి తీస్తారు. కోత లేదు, కుట్టు లేదు. సన్నని గొట్టంతో గర్భాశయంలోకి ద్రవం ఎక్కించి కడుగుతారు, అంతే. అప్పటికి పిండం ఆవగింజంతయినా ఉండదు, సూక్ష్మదర్శినితో వెతకవలసిందే. దొరికినదాన్ని మరొక గుర్రం గర్భంలో ఉంచుతారు. ఆ గుర్రం కూడా ఇంచుమించు ఆ రోజులలోనే ఎదకు వచ్చి ఉండాలి. లేకుంటే పిండం నిలవదు.

ఆవులకు మందులిచ్చి ఒకే ఎదలో అనేక అండాలు విడుదల చేయించవచ్చు. గుర్రం ఆ మందులకు అంతగా లొంగదు. అయినా అర్జెంటీనాలో పోలో గుర్రాలను ఈ పద్ధతిలో విరివిగా పుట్టిస్తున్నారు. తల్లి ఆట మానదు, వంశమూ ఆగదు. పందెపు థరోబ్రెడ్‌లకు మాత్రం ఇది నిషిద్ధం.

2019 పశుగణనలో తేలిన మార్వాడీ గుర్రాలు 33 వేల పైచిలుకే. ఆ జాతి నిలవాలంటే ఇటువంటి సాయం కావాలి. పిల్లకు జాతి లక్షణాలన్నీ అసలు తల్లిదండ్రులవే. తాగే పాలు మాత్రం రోహిణివి!