వంశం నిలిపే ఆట

పిల్లలూ, స్వీడన్‌లో తయారై 2020లో వచ్చిన "క్రూసేడర్ కింగ్స్ 3" అనే కంప్యూటర్ ఆటలో మీరొక రాజు. రాజు చనిపోతే వారసుడై ఆడతారు. అదే వంశపు వారసుడు లేడా, ఆట ముగిసినట్టే!

ఇందులో రెండు లెక్కలున్నవి. కీర్తి వంశమంతటిదీ, తాత గడించినది మనవడికీ ఉంటుంది. తెలివి అలా కాదు. అది పుట్టుకతో రావచ్చు, రాకపోనూవచ్చు. పోనీ, తెలివి చెయ్యి జారకుండా ఇంట్లోవాళ్ళకే పెళ్ళిళ్ళు చేద్దామంటే జబ్బులు దాపురిస్తాయి.

ఇది వట్టి కల్పన కాదు. హాబ్స్‌బర్గ్ వంశపు స్పెయిన్ రాజు నాలుగవ ఫిలిప్ స్వయానా చెల్లెలి కూతురినే పెళ్ళాడాడు. మేనరికం మనకూ తెలిసినదే. వాళ్ళు మాత్రం దగ్గరి చుట్టరికాలను తరతరాలు వదలలేదు. వారి కొడుకు రెండవ చార్లెస్ బాల్యం నుంచీ రోగిష్ఠి. వంశానికి ఐరోపా అంతటా పేరున్నది, కాని అతనికి బిడ్డలు లేరు. 1700లో అతను చనిపోగా, ఆ సింహాసనం కోసం 1701లో మొదలైన యుద్ధం 1714 దాకా సాగింది.