ఆ రోజు సంతకం కలవలేదు

మే మొదటి వారం, పింఛన్ల రద్దీ. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక రిటైర్డ్ మాస్టారు విత్‌డ్రాయల్ ఫారం ఇచ్చారు. సంతకం కలవలేదు. మళ్లీ చేయమంటే ఇంకా వంకరగా వచ్చింది. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి విసుక్కున్నారు, పొంతన లేని జవాబులిచ్చారు. క్యాబిన్‌లోంచి చూసిన నేను, ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. మంచినీళ్లు తెచ్చిన మా అటెండర్ ఆయన చేయి పట్టుకుని, "సార్, ఒళ్లు కాలిపోతోంది" అన్నాడు. అప్పటిగ్గానీ నాకు అర్థం కాలేదు.

మన ఒంటి ఉష్ణోగ్రత మామూలుగా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఒళ్లు వేడెక్కితే గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపుతుంది, చెమట పడుతుంది. చెమట కారితే చాలదు, ఆరాలి. ఆరేటప్పుడే అది వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందుకే కోస్తాలో 38 డిగ్రీల ఉక్కపోత, ఒక్కోసారి రాయలసీమలో 41 డిగ్రీల పొడి ఎండకన్నా ఎక్కువ బాధిస్తుంది.

నీరసం, తలనొప్పి, కళ్లు తిరగడం, కండరాలు పట్టేయడం ముందస్తు హెచ్చరికలు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడినా, తికమకపడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ధీమా పడకూడదు. ఆలస్యమైతే మెదడు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2015 మే ఎండలకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే.

అలాంటప్పుడు ముందుగా 108కి ఫోన్ చేయాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

మేమూ చేతనైనంత చేశాం. అంబులెన్సు వచ్చింది. నెల తర్వాత ఆయన మళ్లీ వచ్చారు, ఈసారి పొద్దున పది గంటలకు. సంతకం కలిసింది.

పెద్దవాళ్లకు దాహం త్వరగా తెలియదు. అడిగేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ అందించండి. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మానేయక, ఎండాకాలం ముందే డాక్టరును అడగండి. మిట్టమధ్యాహ్నం బ్యాంకుకు బయల్దేరుతుంటే మాత్రం ఆపండి. బ్యాంకు పని రేపైనా చేసుకోవచ్చు. ఈ మాట చెబుతున్నది బ్యాంకు ఆఫీసరే!