ఊపిరి వదిలితేనే ఈత

మా కె.గంగవరం మండలానికి ఒక పక్క గౌతమి, ఊళ్ల మధ్య పంట కాలవలు. మా తరం వాళ్లకి ఈత ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. నడుముకి జీలుగు బెండ్లో, పీచు చీల్చి జత కట్టిన ఎండు కొబ్బరికాయలో కట్టి కాలవలోకి దింపేవారు. నాలుగు రోజులు నీళ్లు మింగాక అవి విప్పేసేవారు. ముందు కుక్క ఈత, తర్వాత బార ఈత, ఆపైన వంతెన మీంచి దూకుళ్లు. అలా వచ్చిన ఈత మనిషిని గట్టుకి చేరుస్తుంది. కానీ చాలామందికి అది అక్కడే ఆగిపోతుంది. కండలు తిరిగిన కుర్రాడు కూడా అవతలి గట్టెక్కి రొప్పుతూ కూలబడతాడు. నీళ్లంటే భయం పోవడం వేరు, నీళ్లలో శ్రమ తగ్గించుకోవడం వేరు. ఈ రెండోదాన్ని ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు.

వేసవిలో కాలవలు కట్టేశాక మా మేనల్లుణ్ణి కాకినాడలో ఒక ఈతకొలనుకి తీసుకెళ్లాను. కాలవలో వాణ్ణి మించినవాడు లేడు. కొలనులో మాత్రం ఇరవై అయిదు మీటర్లు పూర్తికాకుండానే గోడ పట్టుకున్నాడు.

“ఊపిరి అందట్లేదు మావయ్యా.”

“అందక కాదురా, వదలక.”

గట్టు మీంచి చూస్తే సంగతి తెలిసిపోతోంది. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాడు. తల పైకెత్తినప్పుడు ఆ అరక్షణంలోనే పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతుంది. ఉక్కిరిబిక్కిరి అయ్యేది ప్రధానంగా దానివల్లే, ప్రాణవాయువు చాలక కాదు. అందుకే ఆ రోజు వాడిచేత బారలు వేయించలేదు. గట్టు పట్టుకుని, ముఖం ముంచి, ముక్కులోంచి సన్నగా బుడగలు వదలమన్నాను. బుడగలు అయిపోతుండగా తల ఎత్తకుండా పక్కకి తిప్పాలి. ఒక చెవి నీళ్లలోనే ఉండాలి. నోటితో ఒక్క గుక్క గాలి తీసుకుని మళ్లీ ముఖం దించాలి. గంటసేపు ఇదే పని. విసుక్కున్నాడు గానీ, సాయంత్రానికి ఆగకుండా అవతలి గోడ ముట్టుకున్నాడు.

రెండోది తల. నీళ్లు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనవి. అందుకే ఎంత బలంగా తోశామన్న దానికంటే, నీళ్లకి ఎంత తక్కువగా అడ్డుపడ్డామన్నదే ముఖ్యం. ఊపిరితిత్తుల వల్ల ఛాతీ తేలుతుంది, కాళ్లు బరువుకి దిగుతాయి. తల ఎత్తితే నడుమూ కాళ్లూ ఇంకా కిందికి పోయి ఒళ్లంతా నీళ్లకి అడ్డంగా నిలుస్తుంది. కోటిపల్లి రేవులో చూడండి: ముక్తేశ్వరం వెళ్లే వెడల్పాటి పంటు కదలాలంటే ఇంజను కావాలి, సన్నటి నావని ఒక్క మనిషి గెడ వేసి తోసుకుపోతాడు. చూపు కొలను అడుగు మీద పెడితే మెడ సడలుతుంది, నడుము తేలుతుంది.

1922లో అమెరికా ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ వంద మీటర్లు 58.6 సెకన్లలో ఈది, నిమిషం లోపు పూర్తిచేసిన తొలి మనిషయ్యాడు. ఆయన తలెత్తి, ఛాతీ పైకి తేల్చి ఈదేవాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా కుర్రాడు పాన్ ఝాన్‌లె అదే దూరాన్ని 46.40 సెకన్లలో ముగించాడు, ముఖం నీళ్లలో పెట్టి. తేడా అంతా తలదే కాదు; కొలనులూ శిక్షణా కూడా మారాయి. కానీ ఇవాళ పోటీల్లో బార ఈత ఈదేవాళ్లెవరూ తలెత్తి ఈదరు.

ఇక చేతులు, కాళ్లు. మనవాళ్లు అరచేత్తో నీళ్లని చప్పుడయ్యేలా కొడతారు. చెయ్యి భుజానికి సూటిగా ముందుకి దిగాలి, తల ముందు అడ్డంగా దాటకూడదు. తర్వాత మోచేతిని పైనే ఉంచి, అరచేతినీ ముంజేతినీ కలిపి నీళ్లని వెనక్కి, తొడ దాకా తోయాలి. ఒక్కో బారకి ఒళ్లు ఆ పక్కకి కొద్దిగా ఒరగాలి. కాళ్లు సైకిలు తొక్కినట్టు మోకాళ్ల దగ్గర మడవకుండా తుంటి నుంచి కదలాలి, పాదాలు వదులుగా ఉండాలి. అప్పుడప్పుడు పిడికిలి బిగించి ఒక వరస ఈదండి. ముంజేతితో నీళ్లని ఎలా పట్టుకోవాలో అర్థమవుతుంది.

ఈ పొదుపు ఎంత దూరం తీసుకెళ్తుందో మా పక్కనున్న సామర్లకోట మహిళ చూపించారు. గోలి శ్యామల గారు నడివయసులో ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక తలైమన్నార్ నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిలో సుమారు 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 52 ఏళ్ల వయసులో విశాఖపట్నం నుంచి సముద్రంలో 150 కిలోమీటర్లు, రోజుకు కొంత చొప్పున ఈది 2025 జనవరిలో కాకినాడ తీరం చేరారు. ఆ జలసంధి ఈతని లెక్కగడితే వంద మీటర్లకు సగటున 2 నిమిషాల 45 సెకన్లు. అంతకంటే వేగంగా మా కాలవ కుర్రాళ్లు మొదటి వంద మీటర్లు ఈదగలరు. ఆ వేగాన్ని పదమూడు గంటలు నిలబెట్టడమే అసలు విద్య. అది కండబలంతో అయ్యే పని కాదు.

సాధన వారానికి మూడు రోజులు, రోజుకి ముప్పావు గంట చాలు. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా ఈది ఒళ్లు వేడెక్కించండి. తర్వాత పావుగంట పద్ధతి మీదే: బుడగలు, పక్కకి తిరిగి కాళ్లతోనే వెళ్లడం, పిడికిలి ఈత. ఆపైన ఇరవై అయిదు మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో ఇరవై సెకన్ల విరామంతో. ప్రతిసారీ బారలు లెక్కపెట్టండి. ఎనిమిదోసారీ మొదటిసారీ ఒకే లెక్క వస్తే పద్ధతి నిలబడ్డట్టు. లెక్క పెరుగుతుంటే అలసటతో ఆకారం చెడిందని అర్థం. ఆ రోజుకి దూరం పెంచకండి. వారాల తరబడి ఆ లెక్క తగ్గించుకుంటూ వచ్చి, తర్వాతే గడియారం చూడండి. చివర అయిదు నిమిషాలు వెల్లకిలా తేలండి.

ఈ సాధనకి గోదావరి చోటు కాదు. కోటిపల్లి దగ్గర ఏరు విశాలంగా, నిదానంగా కనిపిస్తుంది. అడుగున ఇసుక తీసిన గుంటలుంటాయి, వంతెన స్తంభాల చుట్టూ సుడులు తిరుగుతాయి. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లెత్తితే నీటి ఉరవడి మారిపోతుంది. కాలవలో లాకుల దగ్గర, తూముల దగ్గర అసలు దిగకూడదు. కాలు పట్టేస్తే పెనుగులాడకుండా వెల్లకిలా తిరిగి తేలాలి. ఎవరైనా మునుగుతుంటే ఈత వచ్చినా దూకవద్దు. ముందు తాడో, ఖాళీ డబ్బానో, చీరో విసరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు.

మా ఊళ్లలో ఈత ఇప్పటికీ ఎక్కువగా మగపిల్లల ఆటే. రేవులో బట్టలుతికేది, బిందె ముంచేది, కార్తీక స్నానాలకి ముందు దిగేది మాత్రం ఆడవాళ్లు. ఈసారి పిల్లలకి ఈత నేర్పేటప్పుడు ఆడపిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టకండి. వాళ్లకీ ముందు వెల్లకిలా తేలడం, నీళ్లలో ఊపిరి వదలడం నేర్పండి. బారలు ఆ తర్వాత.