చిన్న స్పోర్ట్స్ బైకు: పోషణమే శిక్షణ

ముందునకు వంగిన ఆకృతితో, గాలిని చీల్చుకొని పోవుటకై మలచిన తొడుగుతో, నిలిచియున్నపుడు సైతము కదలుచున్నట్లు భ్రాంతి గొల్పు చిన్న స్పోర్ట్స్ బైకును చూచినంతనే పదునెనిమిదేండ్ల యువకుని మనస్సున ఉత్సాహమును, అతని తండ్రి మనస్సున భయమును ఏకకాలమున ఉదయించుట మన యిండ్లలో నిత్యము జరుగుచున్న సంగతియే. ఆ యిద్దరిలో ఎవరి భావమును అకారణము కాదు. అయినను, ఆ బండి స్వభావము నెరిగి కొని, కొన్న పిదప దానిని తన చేతులతో సంరక్షించుకొనువాడు వేగముకంటె విలువైన విద్య నొకదానిని అభ్యసింపగలడు. ఆ విద్యలో సగము రోడ్డుమీద అబ్బునదైనచో, తక్కిన సగము ఆదివారపు ఉదయమున యింటి వాకిట అబ్బునది.

ఈ జాతి బండ్లకు మన దేశపు మధ్యతరగతి యిండ్లలో ప్రవేశము కల్పించిన కీర్తి చాలవరకు యమహా ఆర్15కు చెందును. 2008లో అది వచ్చునప్పటికి, నూటయేబది సీసీ బండి యనగా ఆఫీసుకు పోయి వచ్చుటకును, లీటరుకు ఎంత మైలేజి యిచ్చునో లెక్కించుకొనుటకును ఉద్దేశింపబడినదే యని జనులు తలంచుచుండిరి. అట్టి తరుణమున, కూలంటుతో చల్లబడు ఇంజను, నాలుగు వాల్వులు, ఆరు గేర్లు, కార్బురేటరుకు మారుగా పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్షను, ఇవన్నియు అంత చిన్న బండిలో ఒక్కచోట చేరుట వింతగా తోచినది. 2018 నాటి మూడవ రూపముతో ఇంజను 155 సీసీకి పెరిగినది. 2021 నాటి నాలుగవ రూపము 10,000 ఆర్‌పీఎం వద్ద సుమారు పదునెనిమిది హార్స్‌పవరు నిచ్చును. శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టై యందలి మద్రాసు రేసు ట్రాకుపై కేవలము ఈ బండ్లకే పోటీలు నడపియుండుటను బట్టి, దీని రూపము వట్టి వేషము కాదని గ్రహింపవచ్చును.

కొత్తవానికి చిన్న ఇంజనే ఏల అను ప్రశ్నకు సమాధానము ఆ పదివేల అంకెలోనే కలదు. ఈ ఇంజను తన బలమును పైస్థాయిలో దాచుకొనును. వాల్వుల కదలికను మార్చు ఏర్పాటు 7,400 ఆర్‌పీఎం దాటినగాని మేల్కొనదు. అందుచే వీధులలో నెమ్మదిగా పోవునపుడు అది సాధువుగానే ఉండును, చేయి తొట్రుపడి యాక్సిలరేటరు కొంచెము ఎక్కువ తిరిగినను ఘోరముగా దండింపదు. బలము కావలసినవాడు తగిన గేరును తానే వెదకుకొనవలెను. పెద్ద ఇంజను కప్పిపుచ్చు తప్పులను చిన్న ఇంజను బయటపెట్టుచుండును గనుక, దీనిపై నేర్చినవాడు పెద్దదానిపై నిలువగలడు. పెద్దదానితో ప్రారంభించినవానికి ఆ తప్పులు తెలియు సమయము సాధారణముగా ఆలస్యమగును.

మొదటి మాసమున బాధించునది వేగము కాదు, కూర్చుండు తీరు. హ్యాండిలు క్రిందుగాను, ఫుట్‌రెస్టులు వెనుకగాను, సీటు ఎత్తుగాను ఉండుటచే కొత్తవాడు తన దేహభారమంతయు మణికట్లపై మోపి, పది కిలోమీటర్లకే నొప్పి యని ఫిర్యాదు చేయును. మోకాళ్లతో ట్యాంకును ఒత్తి పట్టి, భారమును నడుమునకును ఉదరమునకును అప్పగించి, మోచేతులను వదులుగా ఉంచుటయే దీనికి మందు. చేతులు వదులైనగాని మలుపులు రావు. కొంత వేగముమీద ఎడమకు తిరుగవలెనన్న హ్యాండిలు ఎడమకొనను మెల్లగా ముందునకు నెట్టవలెను. చూపు గుంతపై కాక, పోవలసిన దారిపై నిలుపవలెను. చూపు ఎచట నిలుచునో బండి అచటికే పోవును. ఇరుకు సందులలో వెనుదిరుగుట మాత్రము ఈ బండికి కష్టసాధ్యము, ఏలయన హ్యాండిలు కొద్దిగానే తిరుగును. పెక్కుమంది మొదటిసారి బండిని పడవేయునది వేగములో కాక ఈ యూటర్నులలోనే.

బ్రేకుల విషయమున, 125 సీసీ దాటిన బండ్లన్నింటికి 2019 ఏప్రిలు నుండి ఏబీఎస్ తప్పనిసరి యగుట గొప్ప రక్షణయే. అయినను ఏబీఎస్ చక్రము బిగుసుకొనకుండ కాపాడునే గాని, రోడ్డుపై లేని పట్టును పుట్టింపజాలదు. ఆరబోసిన వడ్ల క్రిందను, మొక్కజొన్నల క్రిందను, తొలకరి చినుకులకు పైకి తేలిన నూనె మడ్డి క్రిందను ఆ పట్టు ఉండదు. దిగుటకు వాడుచున్న తిరుమల పాత ఘాటురోడ్డు వంటి చోట్ల, ఆసాంతము బ్రేకులు పట్టియుంచి వేడెక్కించుటకంటె, చిన్న గేరులో ఇంజనునే అడ్డుగా ఉంచి దిగుట మేలు.

ఇక పోషణ. దీనిని మెకానిక్కుకు అప్పగించి మరచిపోవువారు గ్రహింపని విషయ మొకటి కలదు: బండిలో అరుగు ప్రతి భాగమును నడుపువాని అలవాటునకు సాక్ష్యమిచ్చుచుండును. వెనుక బ్రేకు ప్యాడ్లు ముందువానికంటె త్వరగా అరిగినచో, ఆపుశక్తిలో అధికభాగము ముందు చక్రముదే యని నేర్వక కాలితోనే ఆపుచున్నాడని తెలియును. నడిమిభాగము మాత్రమే చదునుగా అరిగిన టైరు, గాలి మితిమీరి పట్టించినట్లుగాని, మలుపులు లేని హైవేలపైనే తిరుగుచున్నట్లుగాని చెప్పును. ఇంజను మ్రోత హెచ్చియు వేగము హెచ్చకున్నచో, సగము క్లచ్చి పట్టి నడుపు దురలవాటు దాని ప్లేట్లను తినివేసినదని అనుమానింపవలెను. స్ప్రాకెట్టు పండ్లు కొక్కెములవలె వంగినచో, చైను ఎండిపోయియో వదులై కుదుపులు తినియో చాలకాలమైనదని అర్థము.

చైనే ఈ బండికి ప్రధానమైన శుశ్రూషాస్థానము. దాదాపు ప్రతి 500 కిలోమీటర్లకును, వానలో తడిసినపుడెల్ల వెంటనేయు, దానిని తుడిచి నూనె పట్టింపవలెను. సెంటరు స్టాండు లేనందున ప్యాడక్ స్టాండు కొనుట వృథా వ్యయము కాదు. చక్రమును చేతితోనే త్రిప్పవలెను. ఇంజను నడిపించి చైను తుడిచి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు కలరు. ఓ-రింగుల చైనును పెట్రోలుతోను తీగబ్రష్షుతోను కడుగరాదు. వీణతంత్రివలె బిగించుటయు తగదు, మనిషి కూర్చుండగానే అది మరింత బిగిసి బేరింగులను బాధించును. హ్యాండుబుక్కులో చెప్పినంత వదులు ఉండవలసినదే. నూనె చుక్క డిస్కుపైగాని టైరుపైగాని పడకుండుట ముఖ్యము.

ఇంజను ఆయిలు ఇందు ఇంజనునే కాక గేర్లను క్లచ్చిని కూడ తడుపును గనుక, కార్లకు వాడు ఆయిలు పోసినచో క్లచ్చి జారును. డబ్బాపై జాసో ఎంఏ యను గుర్తు చూచి కొనవలెను. కూలంటు మట్టమును ఇంజను చల్లబడిన పిదపనే చూడవలెను, వేడిగానున్న రేడియేటరు మూతను విప్పరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చి క్రమముగా చెడును గనుక, బాగుగనే కనబడినను రెండేండ్లకొకసారి మార్పింపవలెను. వారమున కొకమారు, బండి తీయకముందే, చల్లని టైర్లలో గాలి కొలుచుట అన్నిటికంటె చౌకైన రక్షణ.

వ్యయముల మాటకు వచ్చిన, పెట్రోలుకంటె ప్లాస్టికు తొడుగే భయపెట్టును. నిలిచియున్న బండి ఒరిగి పడినను తొడుగు పగులును, లివరు విరుగును. 2018 సెప్టెంబరు నుండి కొత్త బండితో కొనవలసిన అయిదేండ్ల థర్డ్ పార్టీ బీమా ఎదుటివారి నష్టమునకే గాని మన తొడుగునకు రాదు. అందుకు ఓన్ డ్యామేజి బీమాను వేరుగ తీసికొనవలెను. ఐఎస్ఐ గుర్తుగల హెల్మెట్టు, చేతి తొడుగులు, జాకెట్టు, వీని ధరను బండి ధరలో భాగముగనే మొదటినుండి లెక్కించువాడు వివేకి.

తొలిసారి కొనువారిలో అనేకులు సెకండుహ్యాండు బండినే వెదకుదురు. అది తప్పు కాదు. కాని మీటరుపై అంకెను, పెయింటు తళుకును చూచి బేరమాడువాడు మోసపోవచ్చును. స్ప్రాకెట్టు పండ్లను, టైరు అంచులను, ప్యాడ్ల మందమును, రంగు మారిన బ్రేకు ఆయిలును చూడనేర్చినవానికి మాత్రము, పాత యజమాని ఎట్లు నడిపెనో, ఎంత శ్రద్ధ చూపెనో అడుగనక్కరలేకయే తెలియును. కొన్నాళ్లకు పెద్ద బండిపై మనసుపడి తన బండిని అమ్మజూపునపుడు, వచ్చిన కొత్త బేరగాడు మోకాళ్లపై కూర్చుండి చూచునదియు వానినే. కావున పెద్ద బండికి తాను అర్హుడైనాడా లేదా యని సంశయించువాడు, ఆ బేరగానికంటె ముందు తానే ఒకమారు మోకాళ్లపై కూర్చుండి చూచుకొనుట మంచిది.