మెడను కట్టిపెట్టకండి, బలపరచండి



జహీరాబాద్ దగ్గర పల్లెలో ఉండే ఒక తల్లి, పత్తి ఏరడం ముగిశాక చందానగర్‌లో ఉన్న కొడుకు ఇంటికి వచ్చింది. పలకరించి పోదామని మేము వెళ్లాము. ఆమె మెడకు బెల్టు కట్టుకొని గోడకానుకొని కూర్చున్నది. నాలుగు నెలలుగా ఆ బెల్టు తీయలేదట.

“మెడ ఎముకలు అరిగినయన్నారు. తల తిప్పితే నరం తెగుతుందేమోనని భయం. మనవణ్ణి కూడా ఎత్తుకోవడం లేదు” అన్నది.

ఇంతలో కొడుకు మాదాపూర్ ఆఫీసు నుండి వచ్చాడు. వస్తూనే అతడూ మెడ పట్టుకొని కుర్చీలో కూలబడ్డాడు. గడ్డి మోపు మోసిన తల్లికీ, కంప్యూటర్ ముందు కూర్చున్న కొడుకుకీ ఒకటే నొప్పి! ఈ రెండు రకాల కుటుంబాలూ మన సంఘాలలో ఉన్నాయి కనుక ఈ నెల మెడనొప్పిని గూర్చి వ్రాస్తున్నాము. 2020లో ప్రపంచమంతటా సుమారు 20 కోట్ల మంది దీనితో బాధపడ్డారని ఒక లెక్క.

నొప్పి ఎందుకు వస్తుంది?

మెడలో ఏడు ఎముకలున్నాయి. అవి సుమారు ఐదు కిలోల బరువుండే తలను మోస్తాయి. నీళ్ల బిందెను నడుము మీద పెట్టుకుంటే మోయగలము. అదే బిందెను చేయి చాచి పట్టుకుంటే కాసేపటికే చేయి లాగుతుంది. తల ముందుకు వంచి గంటల తరబడి ఫోను చూచినా, మిషను కుట్టినా, కంప్యూటర్ పని చేసినా మెడ కండరాల గతి అంతే. బరువులు మోయడం, నిద్ర చాలకపోవడం, మనసులోని చింత కూడా నొప్పిని పెంచుతాయి.

“అరిగింది” అనగానే భయపడవద్దు

జపాన్‌లో వైద్యులు మెడనొప్పి లేని 1211 మందికి ఎమ్మారై స్కాన్ తీసి, ఫలితాలను 2015లో ప్రకటించారు. వారిలో దాదాపు 88 శాతం మందికి మెడ డిస్కులు ఉబ్బి కనిపించాయి. ఇరవైలలో ఉన్న యువతీయువకులలోనూ ఎక్కువమందికి అలాగే ఉంది. వయసుతో వెంట్రుకలు నెరసినట్లే ఎముకల మధ్య మార్పులు వస్తాయి. కనుక స్కానులో “అరుగుదల” అని వ్రాసినంత మాత్రాన నొప్పికి అదే కారణమని గాని, మెడ కదపకూడదని గాని అర్థం కాదు. ప్రమాద సూచనలు లేనప్పుడు మొదటి రోజుననే స్కానుకు వేలు ఖర్చు చేయనవసరం లేదు.

ఏది మేలు చేస్తుంది?

ఫిన్లాండ్‌లో ఆఫీసు పని చేసే 180 మంది స్త్రీలను మూడు గుంపులుగా చేసి పరీక్షించి, 2003లో ఫలితాలు వెల్లడించారు. వీరందరికీ చాలాకాలంగా మెడనొప్పి ఉంది. సంవత్సరం తరువాత చూస్తే, మెడ కండరాలకు బలం పెంచే వ్యాయామం చేసిన వారిలో 73 శాతం మందికి నొప్పి బాగా తగ్గింది లేదా పూర్తిగా పోయింది. తేలికగా ఎక్కువసార్లు చేసే వ్యాయామం చేసినవారిలో ఇది 59 శాతం. ఒళ్లు సాగదీయడం, నడక వంటివి మాత్రమే చేయమన్న వారిలో 21 శాతమే.

“అంత తీరిక మాకెక్కడిది?” అంటారేమో. డెన్మార్క్‌లో 2011లో వెలువడిన పరీక్షలో, వారానికి ఐదు రోజులు, రోజుకు రెండే నిమిషాలు రబ్బరు తాడుతో చేతులు పక్కలకు ఎత్తే వ్యాయామం చేసినవారికి పది వారాలలో నొప్పి తగ్గింది.

ఫిజియోథెరపిస్టు చేతులతో మెల్లగా కీళ్లు కదిలించడం కూడా ఉపశమనమిస్తుంది గాని, వ్యాయామంతో కలిపితేనే ఎక్కువ మేలు. వేడినీటి కాపడం కాసేపు హాయినిస్తుంది. కరెంటు పెట్టించుకొని ఊరుకుంటే మాత్రం కండరానికి బలం రాదు. మెడ బెల్టు నెలల తరబడి కట్టుకుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

ఇంటిలో చేయదగినవి

1. నిటారుగా కూర్చొని గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగండి. ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు.

2. తలను మెల్లగా కుడికి, ఎడమకు, ఓర్చుకోగలిగినంత వరకే తిప్పండి.

3. అరచేయి నుదుటికి ఆనించి, తల కదలకుండా చేతిని నెట్టండి. ఐదు లెక్కపెట్టండి. తరువాత తల వెనుక, రెండు పక్కల అలాగే చేయండి.

4. రెండు చేతులలో అరలీటరు నీళ్ల సీసాలు పట్టుకొని భుజాల ఎత్తు వరకు పక్కలకు ఎత్తి దించండి. అలవాటైన కొద్దీ బరువు పెంచండి.

కొద్దిపాటి నొప్పి రావచ్చు, అది హాని కాదు. మరునాటికి కూడా నొప్పి ఎక్కువగానే ఉంటే కొంచెం తగ్గించి చేయండి. ఫలితానికి ఆరు నుండి పది వారాలైనా ఓపిక పట్టాలి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. ఫోనును కళ్లకెదురుగా ఎత్తి చూడండి. ఎత్తైన దిండ్లు రెండు పెట్టుకోవద్దు.

చేయకూడనిది, ఆలస్యం చేయరానిది

క్షవరం అయ్యాక తల పట్టి “టక్”మని విరిపించుకునే అలవాటు మానుకోండి. మెదడుకు రక్తం తీసుకొనిపోయే నాళాలు మెడలోనే ఉన్నాయి. 2022లో హైదరాబాద్‌లోనే 50 ఏళ్ల స్త్రీకి బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా పక్షవాతం సోకింది. మెడలో నాళం నొక్కుకొనడం వల్ల కావచ్చునని వైద్యుడు వివరించారు.

ఈ సూచనలుంటే వ్యాయామం మొదలుపెట్టక ముందే వైద్యుని చూడాలి: చేతిలో పట్టు తగ్గి వస్తువులు జారిపోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రంతా తగ్గని నొప్పి. కింద పడినా, బండి ప్రమాదం జరిగినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, మాట తడబడినా, మెడనొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు ఉన్నా వెంటనే 108కి ఫోను చేయండి.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాము. వైద్యుడు ఆమె చేతుల పట్టు, నడక పరీక్షించి భయం లేదన్నారు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి, “అమ్మా, బెల్టు పక్కన పెట్టండి. మీ మెడ గాజు కాదు, మీరు జీవితమంతా మోపులు మోసిన మెడ” అన్నది. కొడుకూ తల్లీ కలిసి సాయంత్రం పది నిమిషాలు వ్యాయామం చేయసాగారు.

మూడు నెలల తరువాత మేము మళ్లీ వెళ్లాము. నొప్పి పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ వస్తుందన్నది. అయితే ఆ మాట చెప్పినప్పుడు మనవడు ఆమె చంకలో ఉన్నాడు. బెల్టు మాత్రం తలుపు వెనుక మేకుకు వేలాడుతున్నది.